రెండు ప్రాసెసర్ల మదర్‌బోర్డు: ఇంట్లో బిగించుకోవడానికి ఏది తీసుకోవాలి?

రామప్ప_రెండర్

హనుమకొండలో ఇంటి నుంచే ఆర్కిటెక్టులకు త్రీడీ వాక్‌త్రూలు చేసి ఇస్తుంటాను. పని మొత్తం బ్లెండర్‌లో, సైకిల్స్ రెండరర్‌తో జరుగుతుంది. ఇప్పుడున్న కంప్యూటర్‌లో 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఇంటి లోపలి దృశ్యాలకు అది సరిపోతోంది గానీ, చెట్లు, పచ్చిక, ప్రహరీ బయట వీధి అన్నీ కలిపిన లేఅవుట్ దృశ్యం పెట్టగానే కార్డు మెమరీ నిండిపోయి రెండర్ ఆగిపోతోంది. అందుకని, రాత్రిపూట రెండర్ పెట్టి పడుకోవడానికి వీలుగా రెండు ప్రాసెసర్ల యంత్రం ఒకటి విడిగా బిగించుకోవాలనుకుంటున్నాను. ఈ5-2680 వీ4 జియాన్‌లు (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు) రెండు సెకండ్‌హ్యాండ్‌లో చూసి ఉంచాను. ఆఫీసు మూసేసిన మిత్రుడి దగ్గర తీసుకున్న 16 జీబీ డీడీఆర్4 ఆర్‌డిమ్‌లు (సర్వర్లలో వాడే ర్యామ్ కర్రలు) ఎనిమిది చేతిలో ఉన్నాయి. తేలనిది బోర్డు సంగతే. సూపర్‌మైక్రో ఎక్స్10డీఏఐ, అదే కంపెనీ ఎక్స్10డీఆర్‌ఎల్-ఐ, చైనా నుంచి వచ్చే పేరూ ఊరూ లేని రెండు సాకెట్ల (ప్రాసెసర్ కూర్చునే గూళ్ల) ఎక్స్99 బోర్డు, ఈ మూడింటిలో ఏది మేలు? మొత్తం ఖర్చు లక్ష రూపాయలు దాటకూడదు.

ఒక్క_సాకెట్_చాలు

మూడూ వద్దు. 2016 నాటి 14 కోర్ల ప్రాసెసర్లు రెండు కలిసినా, 2022లో వచ్చిన 16 కోర్ల రైజెన్ 9 7950ఎక్స్ ఒక్కదానికీ సరితూగవు. అది 5.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, మీ జియాన్ ఎంత ఊపందుకున్నా 3.3 దగ్గర ఆగిపోతుంది, అన్ని కోర్లూ పనిచేస్తుంటే అంత కూడా రాదు. మామూలు ఏటీఎక్స్ బోర్డు, మామూలు క్యాబినెట్, ఒకే కూలర్‌తో పని పూర్తవుతుంది. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్‌కు రెండో సాకెట్ ఎందుకన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

రామప్ప_రెండర్

మీ లెక్కను కాదనలేను. కానీ చేతిలో ఉన్న 128 జీబీ ఆర్‌డిమ్‌లు రైజెన్ డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయవు కదా. కొత్తగా 128 జీబీ డీడీఆర్5 కొనాలంటే, ఈ మధ్య ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూస్తే, లక్షలో ప్రాసెసర్‌కు మిగిలేది చాలా తక్కువ. మోడలింగ్ అంతా పాత కంప్యూటర్‌లోనే చేస్తాను కాబట్టి ఒక్కో కోర్ వేగం నాకు అంత ముఖ్యం కాదు. కొత్త యంత్రానికి మానిటర్ కూడా తగిలించను. లినక్స్ వేసి, కమాండ్ లైన్ నుంచి రెండర్ మాత్రమే నడిపిస్తాను.

నూమా_నారాయణ

ఈ చివరి వాక్యం మొదటి పోస్టులోనే ఉండి ఉంటే చర్చ వేరేలా మొదలయ్యేది. మానిటర్ లేకుండా, లినక్స్‌తో, రాత్రంతా రెండర్ మాత్రమే చేసే యంత్రమంటే రెండు సాకెట్లకు అచ్చంగా సరిపోయే పనుల్లో ఒకటి. సైకిల్స్ పనిని చిన్న చిన్న ముక్కలుగా పంచుకుంటుంది కాబట్టి 56 థ్రెడ్‌లనూ ఖాళీ లేకుండా వాడుకుంటుంది. అదే వీడియో ఎడిటింగ్‌కో గేమింగ్‌కో అని అడిగి ఉంటే నేను కూడా పై సభ్యుడి పక్షమే వహించేవాణ్ని.

అయితే బోర్డు ఎంచుకునే ముందు దాని లోపలి అమరిక తెలుసుకోవాలి. ఈ తరం జియాన్‌లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. అంటే బోర్డు మీది ర్యామ్ స్లాట్లలో సగం మొదటి ప్రాసెసర్‌వి, మిగతా సగం రెండోదానివి. ఒకదాని మెమరీలో ఉన్న సమాచారం రెండోదానికి కావలసి వస్తే రెండు ప్రాసెసర్లనూ కలిపే క్యూపీఐ లింకుల మీదుగా వెళ్లి తెచ్చుకోవాలి. పొయ్యి మన వంటింట్లో, ఉప్పుడబ్బా పక్కింట్లో ఉన్నట్టన్నమాట, దొరకదని కాదు గానీ ప్రతిసారీ గడప దాటాలి. లినక్స్‌లో నూమాసీటీఎల్ అనే కమాండ్‌తో హార్డ్‌వేర్ వివరాలు అడిగితే ఇలాంటి బోర్డుల మీద సొంత మెమరీ దూరం 10గా, అవతలి ప్రాసెసర్ మెమరీ దూరం 21గా సాధారణంగా కనిపిస్తుంది. అవి నానోసెకన్లు కావు, పోలిక అంకెలు మాత్రమే.

ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగు మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌తో మాట్లాడే దారులు) ఉంటాయి. డీడీఆర్4-2400 నాలుగు ఛానెళ్ల మీద సెకనుకు 76.8 జీబీ ఇస్తుంది, రెండే కర్రలు పెడితే అందులో సగమే వస్తుంది. మీ దగ్గర ఉన్నవి సరిగ్గా ఎనిమిది కాబట్టి, ప్రాసెసర్‌కు నాలుగు చొప్పున ఛానెల్‌కు ఒకటి పెట్టండి. ఒకవైపే ఎనిమిదీ గుచ్చవద్దు.

గ్రాఫిక్స్ కార్డుల వంటివి గుచ్చే పీసీఐఈ స్లాట్ల సంగతి కూడా ఇంతే. ఒక్కో ప్రాసెసర్ వాటికి 40 లేన్లు (సమాచారం వెళ్లే దారులు) ఇస్తుంది, ఏ స్లాట్ ఏ ప్రాసెసర్‌కు కలిసి ఉందో బోర్డు మాన్యువల్‌లోని బ్లాక్ డయాగ్రమ్‌లో ఉంటుంది. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే దానికి చెందిన స్లాట్లు పనిచేయవు. ముందు ఒక్క ప్రాసెసర్‌తో మొదలుపెట్టి రెండోది తరువాత కొందామనుకునేవారు అక్కడే బోల్తా పడుతుంటారు.

సీటీసీ_పాతకాపు

నారాయణ గారు లోపలి సంగతులు చెప్పారు, నేను బయటి సంగతులు చెబుతాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏళ్ల తరబడి ఈ సరుకు చూస్తున్నాను. రెండు సాకెట్ల బోర్డు కొన్నవారు తిరిగి వచ్చేది ఎక్కువగా బోర్డు చెడిపోయి కాదు, అది క్యాబినెట్‌లో పట్టకపోవడం వల్లనే.

మామూలు ఏటీఎక్స్ బోర్డు 12 అంగుళాల పొడవు, 9.6 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఎక్స్10డీఏఐ 12 బై 13 అంగుళాల బోర్డు. దుకాణంలో క్యాబినెట్ అట్టపెట్టె మీద ఈ-ఏటీఎక్స్ అని రాసి ఉన్నంత మాత్రాన 13 అంగుళాలు పడుతుందని నమ్మకండి. వాటిలో చాలావాటికి 280 మిల్లీమీటర్ల లోపే చోటుంటుంది, మీకు కావలసింది 330. దీనికి తోడు ఎస్‌ఎస్‌ఐ ఈఈబీ అని అదే కొలతలున్న మరో ప్రమాణం ఉంది, దానిలో మరల రంధ్రాల చోట్లు వేరు. బోర్డు కింద అవసరం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న కాలు) ఒక్కటి మిగిలిపోయినా షార్ట్ అవుతుంది. బోర్డును ముందు ఒక పాత చార్టు మీద పెట్టి రంధ్రాలను పెన్సిల్‌తో గుర్తించుకుని, ఆ చార్టును క్యాబినెట్‌లో పరిచి చూడటం మా దుకాణాల్లో పద్ధతి.

ఎక్స్10డీఆర్‌ఎల్-ఐ 12 బై 10 అంగుళాలే. వెనకపక్క కేబుళ్లకు కాస్త చోటున్న మంచి ఏటీఎక్స్ క్యాబినెట్‌లో దాన్ని ఇమడ్చవచ్చు. ఎనిమిది ర్యామ్ స్లాట్లు ఉంటాయి, మీ దగ్గర ఉన్నవీ ఎనిమిదే.

ఫ్రీమాంట్_పిల్లగాడు

అసలు బోర్డు విడిగా కొనడమెందుకు? ఇక్కడ అమెరికాలో ఆఫీసుల నుంచి బయటికొచ్చిన హెచ్‌పీ జెడ్840, డెల్ టీ7910 వర్క్‌స్టేషన్లు పూర్తి యంత్రాలుగానే దొరుకుతాయి. రెండు సాకెట్లు, కూలర్లు, ఎస్‌ఎంపీఎస్, గాలి వెళ్లే దారి అన్నీ తయారీదారే కుదిర్చి పెడతాడు. భారతదేశంలో కూడా రిఫర్బిష్డ్ దుకాణాల్లో ఉంటాయనే అనుకుంటున్నాను.

సీటీసీ_పాతకాపు

ఉంటాయి, తీసుకోవచ్చు కూడా. అయితే జెడ్840లో బోర్డూ ఎస్‌ఎంపీఎస్సూ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. మూడేళ్ల తరువాత ఎస్‌ఎంపీఎస్ పోతే వీధి చివర దుకాణంలో దొరికేది దానికి సరిపోదు. ఇంట్లో బిగించుకోవడంలో ఉన్న సుఖమల్లా ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చుకోగలగడమే.

బెజవాడ_ఎండ

ఇంతవరకు ఎవరూ కరెంటు మాట ఎత్తలేదు. 120 వాట్ల ప్రాసెసర్లు రెండు, వాటికి తోడు ఎనిమిది ఆర్‌డిమ్‌లు, ఫ్యాన్లు, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలుపుకుంటే గోడ దగ్గర 350 వాట్లు అనుకోండి. రాత్రి పది గంటల రెండర్‌కు మూడున్నర యూనిట్లు. అది పెద్ద బరువు కాదు. బరువంతా పని లేనప్పుడు ఊరికే ఆన్‌లో ఉంచడంలో ఉంది. ఇలాంటి యంత్రం ఖాళీగా ఉన్నా వంద వాట్ల దాకా తింటుంది, అలా నెలంతా వదిలేస్తే 72 యూనిట్లు అవుతాయి, ఆ లెక్కన బిల్లు పై స్లాబులోకి ఎక్కడానికి ఎంతో దూరం ఉండదు.

సాధారణంగా అమ్మే 600 వీఏ యూపీఎస్ 360 వాట్లే మోస్తుంది. కరెంటు పోయిన క్షణంలో రెండర్ నడుస్తుంటే అది కుయ్యిమని ఆగిపోతుంది. కనీసం 1000 వీఏ తీసుకోండి. ఇక మే నెలలో కిటికీలు మూసిన గదిలో ఈ యంత్రం నడుస్తుంటే ఆ గదిలో మనిషి పడుకోలేడు. మా ఇంట్లో దాన్ని మేడ మీది గదికి పంపించారు. పంపించింది నేను కాదు, మా ఆవిడ.

ఒక్క_సాకెట్_చాలు

నేను మొదట చెప్పింది ఇదే కదా. రైజెన్ అయితే ఆ పని సగం సమయంలో ముగించి నిద్రపోతుంది, మీరూ నిద్రపోతారు.

నూమా_నారాయణ

సగం సమయంలో ముగిస్తుందన్నది దృశ్యం మెమరీలో పట్టినప్పటి మాట. 64 జీబీ రైజెన్‌లో 90 జీబీ దృశ్యం పెడితే స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలక నిదానమైన డిస్క్ మీదికి వెళ్తుంది, అప్పుడు ఎన్ని గిగాహెర్ట్జ్ ఉన్నా ప్రయోజనం లేదు. మీరు వేగం గురించి చెబుతున్నారు, రామప్ప గారు అడిగింది పట్టడం గురించి.

తెనాలి_టెరాబైట్

మధ్యలో నా గోడు వినండి. నిరుడు రెండు సాకెట్ల బోర్డు బిగించాను, అంతా బాగానే ఉంది గానీ టాస్క్ మేనేజర్‌లో ఒక్క ప్రాసెసరే కనిపిస్తోంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) చూస్తే రెండూ ఉన్నాయి. బోర్డు మార్చాలా?

సీటీసీ_పాతకాపు

మీరు వేసుకున్నది విండోస్ హోమ్ అయి ఉంటుంది. అది ఒక్క సాకెట్‌నే గుర్తిస్తుంది. ప్రో ఎడిషన్ రెండు సాకెట్లను, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ నాలుగింటిని గుర్తిస్తుంది. బోర్డు జోలికి వెళ్లకండి.

తెనాలి_టెరాబైట్

హోమ్ ఎడిషనే. ఇన్నాళ్లూ సగం యంత్రంతో పనిచేసి పూర్తి యంత్రం బిల్లు కట్టానన్నమాట.

పార్క్‌లేన్_1999

ఇది పాత కథే. 1999లో అబిట్ బీపీ6 అని ఒక బోర్డు వచ్చింది. ఇంటెల్ జంటగా వాడటానికి ఉద్దేశించని చవక సెలెరాన్‌లను రెండింటిని దాని మీద పక్కపక్కన నడిపించవచ్చు. 366 మెగాహెర్ట్జ్ సెలెరాన్‌లను 550 దాకా తోసి, ఒక్క పెంటియం ధర కూడా లేని జంటతో వర్క్‌స్టేషన్ కట్టుకున్నామని మురిసిపోయేవాళ్లు. తీరా విండోస్ 98 వేస్తే అది ఒక్క ప్రాసెసర్‌నే చూసేది, రెండూ కావాలంటే ఎన్‌టీకో 2000కో వెళ్లవలసిందే. ఆ బోర్డు మీది కెపాసిటర్లు కొంతకాలానికి తల ఉబ్బించుకునేవి, టంకం పెట్టడం వచ్చినవాడికి అప్పట్లో చేతినిండా పని. పాత బోర్డు ఏది కొన్నా ఇప్పటికీ నేను ముందు చూసేది కెపాసిటర్ల తలలే.

రామప్ప_రెండర్

బీపీ6 గురించి చదివాను గానీ వాడినవారి మాట ఇప్పుడే వింటున్నాను. అసలు ప్రశ్నకు వస్తే, చైనా బోర్డు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ధర మిగతా రెండింటిలో సగమే ఉంది.

సీటీసీ_పాతకాపు

అనకపోవడానికి కారణం, అవన్నీ ఒక రకానివి కాకపోవడం. వాటిలో పనిచేసేవీ ఉన్నాయి, వాడేవారూ ఉన్నారు. కానీ చాలావాటి మీద ఉండే చిప్‌సెట్ పాత బోర్డుల నుంచి పీకి తెచ్చింది, కొన్నింటిలో అది సర్వర్ చిప్‌సెట్ కూడా కాదు. మరికొన్నింటిలో ప్రాసెసర్‌కు నాలుగు ఛానెళ్లుంటే బోర్డు మీద రెండింటికే తీగలు వేసి ఉంటాయి, అంటే మీ ఎనిమిది ఆర్‌డిమ్‌ల లాభం అక్కడే సగం పోయింది. కొనాలనే పట్టుదల ఉంటే ఫొటోలో ర్యామ్ స్లాట్లు లెక్కపెట్టడంతో ఆగకుండా, ఎన్ని ఛానెళ్లో అమ్మకందారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. బయాస్ అప్‌డేట్ ఎక్కడ దొరుకుతుందో కూడా అడగండి, ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే బోర్డు సంగతి సగం తెలిసిపోతుంది.

గాజువాక_గిగా

నేను చైనా బోర్డే రెండేళ్లుగా వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ఒక్క స్లీప్ మాత్రం పనిచేయదు, పెడితే మళ్లీ లేవదు. మిగతావారు ఊరికే భయపెడుతున్నారు.

బెజవాడ_ఎండ

పడుకుంటే లేవని యంత్రాన్ని ఏ ఇబ్బందీ లేనిదనడానికి చాలా పెద్ద మనసు కావాలి.

నూమా_నారాయణ

గాజువాక గారి అనుభవాన్ని తోసిపుచ్చనక్కర్లేదు, రెండర్ యంత్రానికి స్లీప్ పెద్ద అవసరం కాదు. నా అభ్యంతరం వేరు. మానిటర్ లేకుండా నడపాలనుకునే యంత్రానికి బీఎంసీ ఉన్న బోర్డు చాలా సుఖం. ఎక్స్10డీఆర్‌ఎల్-ఐ మీద అది ఉంది, ఎక్స్10డీఏఐ మీద లేదు. బీఎంసీ అంటే బోర్డు మీదే ఉండే ఇంకో చిన్న కంప్యూటర్. దానికి ఒక నెట్‌వర్క్ కేబుల్ తగిలిస్తే ప్రధాన యంత్రం ఆగి ఉన్నా సరే, బ్రౌజర్‌లోంచే దాన్ని ఆన్ చేయవచ్చు, బయాస్ తెర చూడవచ్చు. బెజవాడ గారు చెప్పిన 72 యూనిట్ల సమస్యకు పరిష్కారం కూడా ఇదే. పని ఉన్నప్పుడు మేడ మీది యంత్రాన్ని కింది నుంచే లేపి, అయిపోగానే ఆపేయవచ్చు.

ఎక్స్10డీఏఐ నిజానికి వర్క్‌స్టేషన్ బోర్డు. దానికి 16 ర్యామ్ స్లాట్లు, ఆడియో, గ్రాఫిక్స్ కార్డులు బారుగా పెట్టుకోవడానికి పెద్ద స్లాట్లు ఉన్నాయి. ఎదురుగా కూర్చుని పనిచేసేవారు దాన్ని తీసుకోవాలి. రామప్ప గారు ఎదురుగా కూర్చోనంటున్నారు.

ఒక్క_సాకెట్_చాలు

సరే, ఆర్‌డిమ్‌లే అసలు కారణమైతే ఇంకో దారి ఉంది. ఏఎండీ సర్వర్ ప్రాసెసర్లైన ఎపిక్‌లలో రోమ్ తరం 2019లో వచ్చింది. 16 కోర్ల 7302పీ ఒకే సాకెట్‌లో ఎనిమిది మెమరీ ఛానెళ్లు, 128 పీసీఐఈ 4.0 లేన్లు ఇస్తుంది. మీ ఎనిమిది ఆర్‌డిమ్‌లూ ఛానెల్‌కు ఒకటి చొప్పున కూర్చుంటాయి. క్యూపీఐ గడప దాటే పని లేదు.

నూమా_నారాయణ

ఇది మంచి సూచన, డబ్బు సరిపోతే నేను కూడా అటే మొగ్గుతాను. రెండు జాగ్రత్తలు చెబుతాను. అంతకు ముందు తరం నేపుల్స్ చవకగా దొరుకుతోందని తీసుకోవద్దు, దానిలో ఒకే సాకెట్ లోపల నాలుగు నూమా నోడ్లు (దేని మెమరీ దానికే దగ్గరగా ఉండే భాగాలు) ఉంటాయి, మనం వదిలించుకోవాలనుకున్న తలనొప్పి చిప్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. రెండోది, పెద్ద కంపెనీల సర్వర్ల నుంచి తీసిన ఎపిక్‌లు కొన్ని ఆ కంపెనీ బోర్డులకే శాశ్వతంగా ముడిపడి ఉంటాయి. వాటిని వేరే బోర్డులో పెడితే బూట్ కావు, ఆ ముడిని విప్పే మార్గం లేదు. లాక్ లేనిదని బిల్లు మీద రాయించుకోవాలి.

రామప్ప_రెండర్

ఎపిక్ బోర్డు ధరలు కనుక్కున్నాను. బోర్డూ ప్రాసెసర్ కలిపితేనే నా లెక్క దాటిపోతోంది. ఎక్స్10డీఆర్‌ఎల్-ఐ వైపే వెళ్తున్నాను. కొనే ముందు దుకాణంలో ఏమేం చూడాలో పాతకాపు గారు చెబితే బాగుంటుంది.

సీటీసీ_పాతకాపు

మొదట సాకెట్ పిన్నులు చూడండి. ఈ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కు కాకుండా బోర్డుకే ఉంటాయి, ఒక్కో సాకెట్‌లో 2011 పిన్నులు. ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తే వరసలన్నీ ఒకే తీరున మెరవాలి. ఎక్కడైనా ఒక మెరుపు పక్కకు తిరిగి ఉంటే ఆ పిన్ను వంగిందని అర్థం. అలాంటి బోర్డు ఆన్ అవుతుంది, బయాస్ కూడా వస్తుంది, కానీ ఒక ర్యామ్ కర్ర కనబడకుండా పోతుంది, మీరు ర్యామ్ పాడైందనుకుని దాని చుట్టూ తిరుగుతుంటారు. అందుకే ఎనిమిది కర్రలూ వెంట తీసుకెళ్లి, అన్నీ పెట్టించి, 128 జీబీ మొత్తం బయాస్‌లో కనబడ్డాకే డబ్బు చేతికివ్వండి. సర్వర్ బోర్డు కాబట్టి తెర వెలగడానికి నిమిషాలు పడుతుంది. కంగారుపడి మధ్యలో ఆపేయవద్దు.

ప్రాసెసర్లు రెండూ ఒకే నంబరువి కావాలి. మూత మీద నంబరు ఉండవలసిన చోట ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది ఇంజినీరింగ్ శాంపిల్ (అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసింది), వద్దనండి. 1600 వరుస జియాన్‌లు ఎవరైనా అంటగట్టబోతే అవి జంటగా పనిచేయవని గుర్తుంచుకోండి, 2600 వరుసే కావాలి. బోర్డులో బయాస్ 2.0 గానీ ఆపైది గానీ ఉంటేనే వీ4 ప్రాసెసర్‌తో లేస్తుంది, పాత బయాస్ ఉంటే ముందు వీ3 పెట్టి అప్‌డేట్ చేయమని దుకాణంవారినే అడగండి.

కూలర్ సంగతి చివరన చెప్పినా చిన్నది కాదు. ఎల్‌జీఏ 2011 సాకెట్ బిగింపు చౌకం రకం, ఇరుకు రకం అని రెండుంటాయి. ఒకదాని కూలర్ రెండోదానికి పట్టదు. మరల మధ్య దూరం నాలుగువైపులా 80 మిల్లీమీటర్లుంటే చౌకం, 56 బై 94 ఉంటే ఇరుకు. స్కేలుతో కొలుచుకుని రండి, తరువాతే కూలర్లు కొనండి.

బెజవాడ_ఎండ

ఎస్‌ఎంపీఎస్‌కు ప్రాసెసర్ కోసం ఉద్దేశించిన 8 పిన్నుల ఈపీఎస్ కేబుళ్లు రెండు ఉండాలి. గ్రాఫిక్స్ కార్డుది కూడా 8 పిన్నులే కదా అని దాన్ని వంచి తోయకండి, రెండింటిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. బోర్డు కాలిపోతుంది.

ఫ్రీమాంట్_పిల్లగాడు

ఒక చిన్న విషయం చేరుస్తాను. నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాన్లు పెడితే సూపర్‌మైక్రో బీఎంసీ వాటి వేగం మరీ తక్కువని, ఫ్యాన్ చెడిపోయిందని అనుకుని అన్నింటినీ పూర్తి వేగంతో తిప్పుతుంది. వేగం పెరగగానే బాగుపడిందనుకుని తగ్గిస్తుంది. రాత్రంతా ఇదే ఊగిసలాట. బీఎంసీకి ఆదేశాలిచ్చే ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో ఆ ఫ్యాన్ల కనీస వేగం హద్దులను కిందికి దించితే సద్దుమణుగుతుంది.

ఒక్క_సాకెట్_చాలు

బిగించాక ఒకే దృశ్యాన్ని రెండు ప్రాసెసర్లతో ఒకసారి, ఒకదాన్ని తీసేసి ఒకసారి రెండర్ చేసి సమయాలు ఇక్కడ పెట్టండి. రెండో సాకెట్ ఎంత సాయం చేసిందో లెక్కతో తేలుతుంది.

నూమా_నారాయణ

తీయనవసరం లేదు, తీస్తే దాని వైపు మెమరీ కూడా పోయి పోలిక దెబ్బతింటుంది. పైగా పిన్నుల మీద చేయి పడటం ఎప్పుడూ ప్రమాదమే. నూమాసీటీఎల్‌తో బ్లెండర్‌ను సున్నా నోడ్‌కు, అంటే మొదటి ప్రాసెసర్‌కు కట్టేసి, ప్రాసెసర్, మెమరీ రెండింటినీ అక్కడికే పరిమితం చేసి నడపండి. దృశ్యం 64 జీబీ లోపు ఉన్నది ఎంచుకోండి, లేకపోతే మధ్యలో మెమరీ చాలక ఆగిపోతుంది.

రామప్ప_రెండర్

అలాగే చేస్తాను. ఆదివారం సికింద్రాబాద్ వస్తున్నాను, ర్యామ్ కర్రలు, టార్చి, స్కేలు సంచిలో పెట్టుకున్నాను. పాతకాపు గారూ, ఆదివారం దుకాణాలు తెరిచి ఉంటాయా?

సీటీసీ_పాతకాపు

ఆదివారం సగం మూసే ఉంటాయి. శనివారం మధ్యాహ్నానికి ముందు రండి, అప్పుడైతే టెస్ట్ చేసి చూపించే ఓపిక వాళ్లకుంటుంది.